ఒకే మాట ఒకరిలో వెంటనే చల్లారి, మరొకరిలో ఏళ్ల తరబడి ఎందుకు రగులుతుంది?

మనస్తత్వశాస్త్రం చదివినవారు, ఇంట్లో ఇటువంటి పరిస్థితిని చూసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు. ఆస్తి పంపకాల సమయంలో మా మేనమామ అన్న ఒక కటువైన మాటను మా పిన్ని కొద్ది రోజుల్లోనే మరిచిపోగా, మా అమ్మ మాత్రం ఇప్పటికీ బియ్యం ఏరుతూ ఏరుతూ చేట పక్కన పెట్టి, "తోడబుట్టినవాడు నన్నంత మాట అంటాడా" అని మొదటి రోజునాటి కోపంతోనే అంటోంది. రాత్రి నిద్ర పట్టకపోతే మర్నాడు ఇది మరీ ఎక్కువ.

1989లో కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపానికి కొద్ది రోజుల ముందే మనస్తత్వవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా పరిశీలించి ఉన్న విద్యార్థులలో, బాధను పదేపదే తలపోసే అలవాటున్నవారే తర్వాత ఎక్కువ కుంగుబాటుకు లోనయ్యారని చదివాను. భావాన్ని అణచుకుంటే ముఖంలో కనబడకపోయినా లోపలి బాధ తగ్గదనీ, జరిగినదాన్ని మరో కోణంలో చూడగలిగితే తగ్గుతుందనీ మరో మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్ పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే "ఊరుకో అమ్మా" అని నోరు మూయించడం తప్పని నా గట్టి అభిప్రాయం. అయితే ప్రతిసారీ ఓపికగా వింటే ఆమె మనసు తేలికపడుతుందా, లేక ఆ తలపోతే మరింత బలపడుతుందా? ఇలా మాట అన్నవారిని, పడ్డవారిని ముఖాముఖి కూర్చోబెట్టి మాట్లాడించినవారు ఉంటే, అంతకు ముందు పెద్దవారిని ఎలా సిద్ధం చేశారో తెలియజేయండి.