ఎజెండా: లాటిన్‌లో అది బహువచనం

మన సభల్లోనూ పత్రికల్లోనూ నిత్యం వినిపించే ‘ఎజెండా’ ఇంగ్లీషు ద్వారా వచ్చినదే అయినా, దాని మూలం లాటిన్ ధాతువు ‘అగెరె’. తోలు, నడుపు, చేయు అని దానికి అర్థాలు. సంస్కృతంలో ‘తోలుతాడు’ అనే అర్థమిచ్చే ‘అజతి’ దీనికి తోబుట్టువు. ఈ ధాతువు నుంచి ఏర్పడిన విశేషణం ‘అగెండుస్’, అనగా చేయవలసిన. దీనిని భవిష్యత్కాల కర్మణి విశేషణమని చెప్పేవారున్నారు గాని, ఇందులో కాలం కంటె విధి ముఖ్యం కనుక, సంస్కృతం తెలిసినవారు దీనిని ‘కర్తవ్యం’, ‘కరణీయం’ వంటి మాటల్లోని ‘తవ్య’, ‘అనీయ’ ప్రత్యయాల సరసన పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

‘కర్తవ్యః, కర్తవ్యా, కర్తవ్యమ్’ అన్నట్లే ఇది పుంలింగంలో అగెండుస్, స్త్రీలింగంలో అగెండా, నపుంసకంలో అగెండుమ్ అవుతుంది. నపుంసక బహువచనానికి ప్రథమ, ద్వితీయలు రెండూ మళ్ళీ అగెండాయే. షష్ఠి అగెండోరుమ్, చతుర్థి అగెండిస్. మన ఎజెండా ఈ బహువచన రూపమే, అంటే అచ్చంగా ‘కర్తవ్యాని’. స్త్రీలింగ ఏకవచనం కూడా చూపుకు ఇలాగే ఉంటుంది గనుక ఏది ఏదో విశేష్యాన్ని బట్టి తెలుసుకోవాలి. ప్రాచీన రోము నాయకుడు కేటో పేరున చెప్పుకునే ‘కార్తాగో దెలెండా ఎస్త్’ (కార్తేజిని నాశనం చేయవలసిందే) అనే వాక్యంలో నగరం పేరు స్త్రీలింగం కాబట్టి దెలెండా ఏకవచనం.

నపుంసక బహువచనం ‘ఆ’తో ముగియడం మనకు కొత్త కాదు. ఋగ్వేదం పదవ మండలంలోని ‘ధామాని వేద భువనాని విశ్వా’ అనే పాదంలో ‘భువనాని’ (లోకాలు) పక్కనే ‘విశ్వా’ (అన్నీ) ఉంది. రెండూ నపుంసక బహువచనాలే.

తెలుగులో ‘చేయవలసిన’ అనే విశేషణానికి లింగవచనాలు లేవు. చేయవలసిన పని, చేయవలసిన పనులు అంటాం. విశేష్యం లేనప్పుడు మాత్రమే ‘చేయవలసినది’, ‘చేయవలసినవి’ అని భేదం చూపుతాం. లాటిన్ అగెండాకు సరిగ్గా సరిపోయేది ఈ చివరి మాటే. అంతమాత్రాన ‘ఎజెండాలు’ అనడం తప్పని నేననను. తెలుగులోకి వచ్చిన మాట తెలుగు వచనాన్నే పాటిస్తుంది. అయితే ‘రహస్య ఎజెండా’ అన్నప్పుడు చేయవలసినది అనే విధి భావం పూర్తిగా మాసిపోయి, మనసులోని ఉద్దేశం అనే అర్థం మిగిలింది.

ఇదే ధాతువుకు భూతకాల కర్మణి విశేషణం ‘ఆక్తుస్’, దాని నపుంసక బహువచనం ‘ఆక్తా’, అంటే చేసినవి. రోములో సెనేటు కార్యకలాపాల నమోదును ఆక్తా అనేవారు. దానిని ప్రకటించే పద్ధతిని క్రీ.పూ. 59లో జూలియస్ సీజర్ ప్రారంభించాడు. సభకు ముందు మనం పంచే కాగితం అగెండా అయితే, సభ ముగిశాక రాసే మినిట్స్ ఆక్తా అన్నమాట.