సముద్ర ప్లవకాల పరిశోధన ఎటు సాగుతోంది?

ప్రశ్న: వలతో పట్టి సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టే పద్ధతి నుంచి ప్లవకాల (నీటి ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే, ఎక్కువగా అతి చిన్న జీవుల) అధ్యయనం ఇప్పుడు ఎటు మళ్లిందో, పాత పద్ధతికి ఇంకా విలువ ఉందో లేదో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

సమాధానం: అసలైన మలుపు డీఎన్ఏ విశ్లేషణతో వచ్చింది. 2009 నుంచి 2013 వరకు తారా అనే పరిశోధన నౌక సముద్రాలు చుట్టి తెచ్చిన సుమారు 35,000 నమూనాలను పరిశీలించే కొద్దీ, మామూలు వలకు చిక్కనంత చిన్న జీవుల వైవిధ్యం ఎంత విస్తారమో బయటపడింది.

మరో సమాధానం: 2024లో నాసా ప్రయోగించిన పేస్ ఉపగ్రహం నీటి రంగులోని సూక్ష్మ భేదాలను బట్టి వృక్ష ప్లవకాల (మొక్కల్లా సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే ప్లవకాల) సమూహాలను గుర్తిస్తుంది. అయితే అది చూడగలిగేది పైపొరనే.

ఇంకొక సమాధానం: పాత పద్ధతిని దయచేసి తక్కువ చేయకండి. 1931 నుంచి వాణిజ్య నౌకల వెనుక లాగుతూ వస్తున్న యంత్రంలో పట్టు గుడ్డ మెల్లగా చుట్టుకుంటూ ప్లవకాలను పట్టి ఉంచుతుంది; వెచ్చని నీటి కోపీపాడ్లు (రొయ్యల వర్గానికి చెందిన అతి చిన్న జీవులు) అట్లాంటిక్‌లో ఉత్తరానికి జరుగుతున్నాయని తేలింది ఆ గుడ్డల మీది లెక్కల వల్లనే. భద్రపరచిన 1960ల నాటి నమూనాలలో మైక్రోప్లాస్టిక్ నలుసులు కూడా కనిపించాయి.