హెర్మన్ తాబేలును హైదరాబాద్ చలికి నిద్రపుచ్చొచ్చా?

మేడతోట_అల్వాల్
ఇంట్లో రెండు నేల తాబేళ్లున్నాయి. ఒకటి హెర్మన్, 640 గ్రాములు. రెండోది సుల్కాటా పిల్ల, 300 గ్రాములు. డిసెంబరు మొదలైనప్పట్నుంచి హెర్మన్ తిండి సగానికి తగ్గించింది, పొద్దున పదింటిదాకా మూలన కదలకుండా పడుంటోంది. హాల్లో తెల్లవారుజామున 17 డిగ్రీలు, మధ్యాహ్నం 26. శీతాకాల నిద్ర కోసం అట్టపెట్టెలో ఎండుగడ్డి పరిచి రెండింటినీ స్టోర్‌రూంలో పెట్టేసి సంక్రాంతి పోయాక తీయమని షాపులో చెప్పారు. ఫ్రిజ్‌లో పెట్టాలని ఇంకోచోట చదివాను. ఏది కరెక్టు? ఇప్పుడే పెట్టేయొచ్చా?

గట్టిడొప్ప
అట్టపెట్టె మాట మర్చిపోండి. ముందు సుల్కాటాను ఈ లెక్కలోంచి తీసేయండి. అది సహారాకు దక్షిణాన ఉండే జీవి, దానికి శీతాకాల నిద్ర అనేదే లేదు. చల్లబరిస్తే నిద్రపోదు, ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వస్తుంది. రాత్రి దాని గూడు 20 డిగ్రీలకు తగ్గకూడదు, చలికి తడి తోడైతే అసలే పనికిరాదు.

హెర్మన్ మధ్యధరా ప్రాంతపు తాబేలు, అది నిద్రపోతుంది. కానీ దానికి కావాల్సింది 3 నుంచి 8 డిగ్రీలు, 5 దగ్గర నిలకడగా ఉంటే మేలు. 10 దాటితే మెలకువ వస్తుంది. లేచి తిరగదు, తినదు, ఒంట్లో దాచుకున్న కొవ్వూ నీళ్లూ మాత్రం ఖర్చవుతూ ఉంటాయి. మీ స్టోర్‌రూం డిసెంబరులో కూడా పగలు 22 దాటుతుంది. అక్కడ పెట్టెలో పెడితే సంక్రాంతికి తీసేది ఎండిపోయిన తాబేలునే.

ఇప్పుడు తిండి తగ్గడానికి కారణం కూడా ఇదే. 17 డిగ్రీల్లో నిద్రా పట్టదు, అరుగుదలా సాగదు. పైగా మార్బుల్ నేల మీద ఉంటే కింది డొప్పంతా చల్లబడి ఇంకా మందగిస్తుంది. ఏదో ఒకటి తేల్చుకోండి: పూర్తిగా వెచ్చగా ఉంచడమా, సరైన చలిలో పెట్టడమా. మొదటిసారి అయితే నా ఓటు వెచ్చదనానికే. ఒక చలికాలం నిద్ర లేకపోయినంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న హెర్మన్‌కు ఏమీ కాదు.

ఎండపొడ
వెచ్చగా ఉంచాలంటే మన ఊళ్లో సగం పని ఎండే చేస్తుంది అన్నా. పొద్దున 11 నుంచి 3 దాకా మేడ మీద వదులు, సగం నీడ ఉండాలె. పైన వల కట్టు, అల్వాల్ దిక్కు గద్దలు, కోతులు రెండూ వస్తయ్. అద్దం కిటికీలకెళ్లి పడే ఎండ వేడికే పనికొస్తది, డొప్ప, ఎముకలు గట్టిగుండాలంటే కావాల్సిన యూవీబీ కిరణాల్ని అద్దం ఆపేస్తది. 4 కాకముందే లోపలికి తీస్కురా.

లోపల 4 అడుగులు × 2 అడుగుల చెక్క తొట్టి చాలు. ఒక మూలకు 80 వాట్ల హాలోజన్ ఫ్లడ్ బల్బు పెట్టి, దాని కింద రాయి మీద 32–35 డిగ్రీలు వచ్చేదాకా ఎత్తు సర్దు. అవతలి కొస 22 ఉండాలె. మేడ మీదికి తీస్కపోని రోజులకు టీ5 యూవీబీ ట్యూబు కావాలె, 30–40 సెం.మీ. ఎత్తున, నడుమ జాలీ లేకుండ. వెలుగు ఇంకా ఉంటది గానీ యూవీబీ తగ్గిపోతది, అందుకే ఏడాదికోసారి ట్యూబు మార్చాలె. హెర్మన్‌కు రాత్రి 16–18 అయినా పర్వాలేదు. సుల్కాటాకు మాత్రం థర్మోస్టాట్ పెట్టిన సిరామిక్ హీటర్ తప్పనిసరి. రెండింటినీ ఒకే తొట్టిలో పెట్టకు. వేడి రాళ్లని అమ్ముతరు, కొనకు, కింది డొప్ప కాలుతది.

మేడతోట_అల్వాల్
థాంక్స్. ఈసారికి వెచ్చగానే ఉంచుతాను. అయినా ఫ్రిజ్ పద్ధతి కూడా చెప్పండి, వచ్చే ఏడాదికి సిద్ధం చేసుకుంటాను.

గట్టిడొప్ప
వంటింటి ఫ్రిజ్ వద్దు, పాల కోసం రోజంతా తలుపు తీస్తూ ఉంటారు. పాత సింగిల్ డోర్ అయినా సరే, విడిగా ఒకటి కావాలి. దాని డయల్ మీద 1 నుంచి 7 అంకెలు డిగ్రీలు కావు. బయట ప్లగ్‌కు ఎస్‌టీసీ-1000 లాంటి ఉష్ణోగ్రత కంట్రోలర్ తగిలించి, దాని ప్రోబ్‌ను (చలిని కొలిచే తీగను) లోపలికి దింపండి. ఖాళీ ఫ్రిజ్‌ను రెండు వారాలు నడిపి కనిష్ఠ గరిష్ఠాలు రాసుకోండి. 3 కంటే దిగుతుంటే తాబేలును పెట్టొద్దు. గడ్డకట్టే చలి తగిలితే కళ్లు పోతాయి.

లోపల లీటరు నీళ్ల బాటిళ్లు ఎనిమిదో పదో పెట్టండి. కరెంటు పోయినా కొన్ని గంటలు అవే చలిని నిలబెడతాయి. తాబేలు అటూఇటూ తిరగగలిగేంత ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, పక్కలా మూతకూ బెజ్జాలు పెట్టి, సగానికి మట్టి, కోకోపీట్ కలిపి నింపండి. పిండితే నీళ్లు కారకూడదు, అలాగని పొడిగానూ ఉండకూడదు. ఫ్రిజ్ వెనక గోడకు మంచు కడుతుంది కాబట్టి డబ్బా రెండంగుళాలు ఇవతల ఉండాలి. రోజుకోసారి తలుపు తీసి మూయండి, గాలి మారుతుంది.

అసలు పని అంతకుముందు ఉంది. ఈ బరువుకు రెండు మూడు వారాలు తిండి మానేయాలి, కానీ వెచ్చదనం మానకూడదు. పొట్ట ఖాళీ అవ్వాలంటే వేడి కావాలి. చలిలో అరుగుదల ఆగిపోయాక మిగిలిన ఆకు పేగుల్లోనే కుళ్లుతుంది. ఆ వారాల్లో రోజూ పావుగంట గోరువెచ్చని నీళ్లలో, గడ్డం దాకా వచ్చేలా కూర్చోబెట్టండి. ఆ తర్వాత దించడం. మన గదులు పగలు అంత చల్లబడవు కాబట్టి కంట్రోలర్‌ను ముందు 12కి, మూడు నాలుగు రోజులాగి 8కి, ఆ తర్వాత 5కి మార్చండి.

వారానికోసారి బరువు చూడాలి. నెలకు ఒక శాతం, అంటే ఆరేడు గ్రాములు తగ్గడం మామూలే. మొత్తం మీద పది శాతం దాకా పోనివ్వకండి; 640తో మొదలైతే 576 దగ్గరకు రాకముందే లేపాలి. డబ్బాలో మూత్రం పోసి ఉంటే బరువుతో పనిలేదు, అప్పుడే తీసేయండి. దాచుకున్న నీళ్లు పోయాయి, మళ్లీ లోపల పెట్టకూడదు. మొదటిసారి ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు.

రాజేంద్రనగర్_వెట్
పైవన్నీ ఆరోగ్యంగా ఉన్న తాబేలుకే వర్తిస్తాయి. ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, కళ్లు ఉబ్బడం, పలచటి రెట్ట, వీటిలో ఏదున్నా ఆ ఏడాది నిద్ర వద్దు. ముందే రెట్ట పరీక్ష చేయించండి. పురుగుల మందు మీరే వేయకండి. కుక్కలకు, పశువులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం.

లేపాక తిండికంటే నీళ్లు ముందు. నిద్రలో రక్తంలో యూరియా పేరుకుంటుంది, అది దిగేదాకా ఆకలి వేయదు. గది వేడికి వచ్చాక గోరువెచ్చని నీళ్లలో పెట్టండి, తాగనివ్వండి, ఆ తర్వాత బల్బు కింద వదలండి. వారంలోగా తినడం మొదలుపెట్టకపోతే తీసుకురండి. అప్పుడు తెల్ల రక్తకణాలు కూడా తక్కువగా ఉంటాయి, ఇన్ఫెక్షన్లు సులువుగా పడతాయి.

కాగితాల సంగతి ఒక్కమాట. హెర్మన్, సుల్కాటా రెండూ సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలోవి. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్లో రిజిస్టర్ చేయించాలి. నక్షత్ర తాబేలును మాత్రం, కొన్నా దొరికినా, 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంట్లో ఉంచుకోకూడదు.

మేడతోట_అల్వాల్
రిజిస్ట్రేషన్ అయింది. బుడగలు లేవు, రెట్ట గట్టిగానే ఉంది. రెండు రోజులుగా ఏమీ తినలేదు, మందారాకు పెట్టినా వాసన చూసి వదిలేసింది. ఏం చేయను?

ఎండపొడ
చల్లగున్న తాబేలు ముంగట ఆకు పెడితే ఏం లాభం అన్నా. పొద్దున పావుగంట గోరువెచ్చని నీళ్లల్ల పెట్టు, తర్వాత గంట సేపు బల్బు కింద. అప్పుడు మందారాకు, ముళ్లు తీసిన నాగజెముడు ముక్క పెట్టు. పాలకూర, టమాటా వద్దు. మూడు నాలుగు రోజులు ఇట్లనే చేసినా ముట్టకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పొద్దుగాల తీస్కపో, డబ్బాల వేడినీళ్ల సీసా గుడ్డల చుట్టి పెట్టు.