ఈఎల్34, 300బీ యాంప్‌లు: ఇంట్లో సరిగ్గా పోల్చడం ఎట్టా?

నెల్లూరు నుంచి, ప్రశ్న:
రెండు వాల్వ్ (గాజు ట్యూబ్) యాంప్‌లున్నాయి. ఒకటి ఈఎల్34 వాల్వ్‌ది, పుష్‌పుల్ (వాల్వులు జతగా పనిచేస్తాయి), 35 వాట్లు, ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కిచ్చి తప్పులు దిద్దే పద్ధతి) ఉంది. రెండోది 300బీ వాల్వ్‌ది, సింగిల్ ఎండెడ్ (జత లేకుండా), 8 వాట్లు, ఫీడ్‌బ్యాక్ లేదు. స్పీకర్లు టూ-వే (కింది స్వరాలకొకటి, పై స్వరాలకొకటి) బుక్‌షెల్ఫ్, 8 ఓమ్, 88 డెసిబెల్ (ఒక వాటుకు మీటరు దూరంలో). షేక్ చిన మౌలానా రికార్డింగు పెడితే 300బీలో నాదస్వరం ముందుకొచ్చి పలుకుతోంది, తవిల్ (డోలు) దెబ్బ మాత్రం మెత్తబడుతోంది. ఇది వాల్వ్ గుణమేనా? వైర్లు మార్చేలోపు ముందు విన్నది చెవిలో నిలవడం లేదు. స్విచ్ పెట్టొచ్చా అన్నా?

ఒంగోలు నుంచి:
ముందు శబ్దం సమం చెయ్యండి తమ్ముడూ. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది, అక్కడే అందరూ మోసపోతారు. 300 హెర్ట్జ్ టోన్ వేసి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టేజీ చూసి రెండింటినీ 1.00 వోల్టుకు తెండి. తేడా 0.01 దాటకూడదు, అంటే దాదాపు 0.1 డెసిబెల్. 1000 హెర్ట్జ్ వద్దు, చవక మల్టీమీటర్లు అంత పైన తప్పు చూపిస్తాయి.

తర్వాత అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (యాంప్ లోపలి నిరోధం) కొలవండి. అదే టోన్ మీద, వాల్యూమ్ కదపకుండా, స్పీకర్ బదులు 8 ఓమ్ రెసిస్టర్ పెట్టి ఒక రీడింగు, 16 ఓమ్ పెట్టి ఇంకో రీడింగు తీసుకోండి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది 'ర' అనుకుంటే, ఇంపెడెన్స్ = 16 × (ర − 1) ÷ (2 − ర). రెసిస్టర్ మార్చేటప్పుడు యాంప్ ఆపండి. లోడ్ (స్పీకర్ గానీ రెసిస్టర్ గానీ) లేకుండా సిగ్నల్ పోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ కాలిపోవచ్చు.

కావలి నుంచి:
స్విచ్ పెట్టొచ్చు, కానీ మామూలు స్పీకర్ సెలెక్టర్ వద్దు. అది వినని యాంప్‌ను లోడ్ లేకుండా వదిలేస్తుంది. నాలుగు పోల్స్ (ఒకేసారి మారే తీగలు), రెండు త్రోల (మారే స్థానాలు) స్విచ్ ఛానెల్‌కు ఒకటి తీసుకోండి. రెండు పోల్స్ స్పీకర్ ప్లస్, మైనస్‌కు. మిగతా రెండు 8 ఓమ్ 25 వాట్ల డమ్మీకి (స్పీకర్ బదులు పెట్టే రెసిస్టర్), అడ్డం మార్చి. ఒక యాంప్ స్పీకర్‌కు పోతే రెండోది డమ్మీ మీద ఉంటుంది. మైనస్‌లు రెండూ కలపొద్దు. మారే క్షణంలో కూడా ఖాళీ పడకుండా ప్రతి యాంప్ అవుట్‌పుట్‌కు 220 ఓమ్ 5 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా వేసెయ్యండి.

ప్రశ్న వేసిన వ్యక్తి:
కొలిచా. ఈఎల్34: 1.00, 1.04. 300బీ: 1.00, 1.13.

ఒంగోలు నుంచి:
అంటే 0.7 ఓమ్, 2.4 ఓమ్. మీ ప్రశ్నకు చాలావరకు జవాబు ఇదే. టూ-వే స్పీకర్ ఇంపెడెన్స్ ఎక్కడా సమంగా ఉండదు. ఒకచోట 6 ఓమ్, క్రాసోవర్ (శబ్దం పెద్ద కోన్ నుంచి చిన్నదానికి మారే చోటు) దగ్గర 24 ఓమ్ అనుకుంటే, 300బీ ఆ ఎత్తును 2.1 డెసిబెల్ పైకి లేపుతుంది, ఈఎల్34 0.7 మాత్రమే. నాదస్వరం పలుకు చాలాభాగం ఆ ప్రాంతంలోనే ఉంటుంది, అందుకే ముందుకొచ్చినట్టుంది. కింది స్వరాల్లో బాక్స్ రెజొనెన్స్ (పెట్టె తనంతట తాను మోగే చోటు) దగ్గర కోన్‌ను పట్టి ఆపే బలం 300బీకి తక్కువ, అందుకే తవిల్ మెత్తబడుతుంది. పైగా 88 డెసిబెల్ స్పీకర్‌కు 8 వాట్లంటే మీటరు దూరంలో 97 డెసిబెల్ దగ్గర ఆగిపోతుంది. గట్టిగా పెడితే తవిల్ దెబ్బ క్లిప్ అవుతుంది (పై అంచు కోసుకుపోతుంది).

తేల్చుకోవాలంటే ఈఎల్34కు సిరీస్‌లో 1.8 ఓమ్ 10 వాట్ల రెసిస్టర్ వేసి, మళ్ళీ శబ్దం సమం చేసి వినండి. ఏది మోగుతోందో తెలియకుండా ఇంట్లో ఎవరితోనైనా బొమ్మా బొరుసూ వేయించి స్విచ్ మార్పించండి. 16 సార్లలో 12 సరిగ్గా చెప్పలేకపోతే మీరు విన్న తేడా ఇంపెడెన్స్‌దే అనుకోవచ్చు.

కందుకూరు నుంచి:
కరెంటు వోల్టేజీ కూడా రాసిపెట్టుకోండి. 220 వోల్ట్లకు చేసిన యాంప్‌లో ఈఎల్34 హీటర్‌కు (వాల్వ్‌ను వేడిచేసే తీగ) 6.3 వోల్టులు రావాలి. రాత్రి లైను 245కు ఎక్కితే అది 7.0 అవుతుంది, సాయంత్రం 195కు పడితే 5.6. రెండూ పది శాతం హద్దు దాటినవే. ఒక యాంప్ సాయంత్రం, ఇంకోటి అర్ధరాత్రి వింటే పోలిక చెల్లదు. రెండింటినీ అరగంట వేడెక్కనిచ్చి, ఈఎల్34 బయాస్ (పాట లేనప్పుడు వాల్వ్‌లో పారే కరెంటు) చూసుకుని మొదలుపెట్టండి: క్యాథోడ్‌లో 10 ఓమ్ రెసిస్టర్ ఉంటే, దాని మీద 0.35 వోల్టు అంటే 35 మిల్లీ ఆంప్స్. సముద్రపు గాలికి సాకెట్ పిన్నులు నల్లబడి చిటపటలు వస్తే యాంప్ ఆపి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.