సమస్య: “చెట్టు నడచి వచ్చి సేనఁ గొట్టె”

నిర్వాహకుడు: ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇది. మొదటి మూడు పాదాలూ మీరు రాసి, ఈ వింత మాటకు అర్థం కుదర్చాలి. ఇచ్చిన విషయం చాప్లిన్ మూకీ సినిమా ‘షోల్డర్ ఆర్మ్స్’. మొదటి ప్రపంచయుద్ధం ఆగడానికి మూడు వారాల ముందు, 1918 అక్టోబరు 20న విడుదలైంది. జనం కందకాల్లో చస్తుంటే నవ్వులేమిటని సన్నిహితులే వారించారట. పురాణాల్లోకి పారిపోకుండా పూరించండి.

తెరచాటు:
మాను వేషమేసి మాటేసి చాప్లిను
కొమ్మ చేతితోడఁ గూల్చ నొకని
విస్తుపోయి పలికె వెనుకనున్న భటుఁడు
“చెట్టు నడచి వచ్చి సేనఁ గొట్టె”

నిర్వాహకుడు: భేష్! అసంబద్ధమైన మాటను బెదిరిపోయిన జర్మన్ సైనికుడి నోట పెట్టారు, చిక్కు విడిపోయింది. కట్టెల కోసం గొడ్డలి పట్టుకొచ్చినవాణ్ణి ఆ మోడు మొత్తే దృశ్యం కళ్లకు కట్టింది. ‘వేషమేసి, మాటేసి’ మాత్రం వ్యావహారికాలు. “మాను వేషమూని మాటుగాఁ జాప్లిను” అంటే సరి.

కొత్తకలం:
కందకమున నీట గ్రామఫోన్ బూరతో
నూపిరందుకొనుచు నొదిగి నిద్ర
పోవఁ గలను వింత పొడసూపెఁ జాప్లిన్‌కు
చెట్టు నడచి వచ్చి సేనఁ గొట్టె

నిర్వాహకుడు: గణయతులు, అంటే ఛందస్సు నియమాలు, కుదిరాయి. కానీ కల అనేస్తే ఏ సమస్యైనా తీరిపోతుంది, అది దొడ్డిదారి.

కొత్తకలం: చాప్లినే ఆ దారిన పోయాడు కదండీ! చివర్లో అంతా కలేగా?

నిర్వాహకుడు: నిజమే, ఒప్పుకోక తప్పదు. అయితే ఆయన నిద్రపోయేది శిక్షణ శిబిరంలో, కవాతు అయ్యాక గుడారంలో. నీళ్లలో మునిగిన పడక, ఊపిరికి ఆ బూర, అవన్నీ కల లోపలివే. మీ పద్యంలో కలలో ఇంకో కల పుట్టింది.

పద్యప్రియ:
కైజరునకు వణకు కలిగించె నీ బూచి
తుదకు బందిఁ జేసె దొరను గూడ
నవ్వు దళము నడిపె నల్లమీసపు ఱేఁడు
చెట్టు నడచి వచ్చి సేనఁ గొట్టె

తెరచాటు: మూడో పాదం అదిరింది! కానీ కైజరును, అంటే జర్మన్ చక్రవర్తిని, పట్టుకునేటప్పటికి చెట్టు వేషం లేదండీ. జర్మన్ యూనిఫాం తొడుక్కుని, డ్రైవరుగా కారెక్కి, కైజరును నేరుగా మిత్రపక్షాల దగ్గరికి తోలుకొస్తాడు.

నిర్వాహకుడు: అన్వయం కూడా చూడండి. మీ మూడు పాదాలకూ సమస్యకూ ముడి పడలేదు, అది విడిగా వేలాడుతోంది. ‘నవ్వు దళము’ వదలకండి, రెండో పాదం మార్చండి.

పద్యప్రియ: సరే గురువుగారూ. ఇంతకీ కైజరు వేషం చాప్లిన్ అన్నగారిదేనా?

నిర్వాహకుడు: అవును, సిడ్నీదే. సార్జెంటు కూడా ఆయనే.