వరికి సలహా ఎవరిది వినాలి: వ్యవసాయ ఆఫీసరుదా, మందుల షాపుదా?

ఎడమకాలువ రైతు: సాగర్ ఎడమ కాలువ కింద మాకు మూడెకరాలు. మొన్న యాసంగిలో నాటేసిన మూడు వారాలకు పైరు ఎదగకుండా నిలబడిపోయింది. షాపాయనకు ఫొటో చూపిస్తే ఇంకో బస్తా యూరియా, గుళికలు, పైన ఏదో టానిక్ ఇచ్చాడు. అన్నీ వేశాను. పచ్చబడలేదు. వారం తర్వాత ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చి, గట్టు దిగి, ముదురాకు ఒకటి తెంపి వంచాడు. టప్పున విరిగింది. చివర ఈనెకు రెండు పక్కలా తుప్పు మచ్చలు. ‘జింకు లోపం, యూరియా ఎంత పోసినా ఇంతే’ అన్నాడు. లీటరు నీళ్లకు 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాను, తేరుకుంది. షాపు సలహా మానేస్తేనే దిగుబడి పెరుగుతుందని నేనంటాను. మీరేమంటారు?

దాళ్వా బాబు: మీ చేలోకి దిగే ఆఫీసరు దొరికాడు, అదృష్టవంతులండీ. మా వైపు ఆయన కనబడేది పంట నమోదు ఫొటోకే. వెన్ను తీసే వేళ మెడవిరుపు తెగులు కనబడితే రెండు రోజులు ఆగడానికి ఉండదు. షాపు రాత్రి తొమ్మిదింటికీ తెరిచే ఉంటుంది. పైగా అప్పిస్తాడు, ధాన్యం డబ్బులు పడ్డాకే కడతాం. అప్పిచ్చేవాడు చెప్పిన మందు కొనక ఏం చేస్తాం?

క్లస్టర్ బండి: నేనూ ఏఈఓనే. కాగితం మీద ఒక్కో ఏఈఓ చూసే క్లస్టరుకు 5 వేల ఎకరాలు. సర్వేలు, నమోదులు పోను మిగిలిన పూటే పొలం. భాస్వరం మొత్తం నాటే ముందు దమ్ములోనే వేయండి, నాటాక పైపాటుగా 28-28 (నత్రజని, భాస్వరం కలిసిన ఎరువు) వద్దని ఏటా చెబుతాం. రైతు వేదికలో తలూపిన పెద్దాయన అదే సాయంత్రం రెండు బస్తాలు బండికెత్తడం చూశాను. అడిగితే ‘ఉద్దెర ఖాతా అక్కడుంది సారూ’ అన్నాడు.

ఎడమకాలువ రైతు: నిజం చెప్పొద్దూ, 28-28 నేనూ వేశాను.

నాటుకూలి ఇంటివాడు: సలహా సరే, చేసేదెవరు? నాటేటప్పుడు చేలో రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల ఖాళీ బాట వదలమంటారు. మా అమ్మ ముఠాతో గుత్తకు నాటుతుంది, ఎకరానికి ఇంతని. తాడు పట్టి బాటలు తీస్తే పొద్దుగూకేసరికి అర ఎకరం వెనకపడతారు. ఆ కూలి ఎవరిస్తారు? 2003లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు శ్రీ వరి సాగు పద్ధతి తెచ్చారు. ఎకరానికి 2 కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల ఎడం. లెక్క బాగానే ఉంది. ఆ లేత మొక్కను ఒక్కోటిగా బురదలో నిలబెట్టే నడుము ఎవరిదో లెక్కలో లేదు. మా ఊళ్లో అప్పటి కలుపు తీసే వీడరు ఇప్పుడు కోళ్ల గంప మీద బరువుకు ఉంది.

దాళ్వా బాబు: శ్రీ సంగతి ఒప్పుకుంటాను తమ్ముడూ. బాటల సంగతి మాత్రం ఒప్పుకోను. బాటల్లేని మా చేను మధ్యలో సుడిదోమ పురుగు పడి మంచమంత మేర గుండ్రంగా మాడింది. మందు కొడదామన్నా మొదళ్లకు చేరలేదు, కాలు పెట్టే సందు లేదు. కూలి అదనంగా ఇచ్చి తీయించాల్సింది. షాపాయన ఈ మాట ఎన్నడూ చెప్పడు, బాట అమ్మే సరుకు కాదుగా.

నాటుకూలి ఇంటివాడు: అదనంగా ఇస్తానంటే మా అమ్మే తాడు పడుతుందన్నా.

ఎడమకాలువ రైతు: ఈసారి నేనిస్తా. మరి ఖాతా ఉన్నవాడు ఏం చేయాలి, ఏఈఓ సారూ?

క్లస్టర్ బండి: నేను చీటీ మీద మందు పేరే రాస్తాను, కంపెనీ పేరు రాయను. మీ ఖాతా షాపులోనే ఆ చీటీ ఇచ్చి అదే అడగండి. టానిక్‌లు మాత్రం ముట్టుకోకండి.

ఎడమకాలువ రైతు: జింకు చీటీ అలాగే పట్టుకెళ్లాను సార్. ‘ఇది స్టాకు లేదు, దీని బాబు ఉంది’ అని ఇంకో డబ్బా తీశాడు. చివరికి పక్క ఊళ్లో నగదుకు తెచ్చుకున్నాను.