జనవరి 27న హైస్కూలు పిల్లలకు హోలోకాస్ట్ గురించి ఏం చెప్పాలి?

ప్రశ్న:
హైస్కూలు పిల్లలకు జనవరి 27న, హోలోకాస్ట్ సంస్మరణ దినాన, హోలోకాస్ట్ (నాజీ జర్మనీ యూదులను మూకుమ్మడిగా చంపడం) మీద ఒక పీరియడ్ తీసుకోవాలి. ఉన్నది 45 నిమిషాలు. 60 లక్షల మంది యూదులను చంపారని అంకె చెప్పి, శవాల గుట్టల ఫొటోలు చూపిస్తే సరిపోతుందా? “అప్పుడు మిగతా దేశాలు ఏం చేశాయి, ఇప్పుడైతే ఏం చేస్తాయి?” అని అడిగితే ఏం చెప్పాలి?

జవాబు 1:
శవాల ఫొటోలు వద్దండీ. పిల్లలు తల తిప్పేసుకుంటారు, పోయినవాళ్లు వాళ్ల మనసులో గుట్టగానే మిగిలిపోతారు. గ్యాస్ ఛాంబర్లతో కాకుండా కాగితాలతో మొదలుపెట్టండి. 1933 ఏప్రిల్‌లో యూదులను ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి తీసేసిన చట్టం, 1935 సెప్టెంబరులో పౌరసత్వం లాగేసిన నురెంబర్గ్ చట్టాలు, 1938లో ఆస్తుల నమోదు. వీటిని బోర్డు మీద రాసి, ప్రతిదాని దగ్గరా ఆగి “ఈ పని చేతులతో చేసిందెవరు?” అని అడగండి. గుమాస్తా, బ్యాంకు ఉద్యోగి, రిజిస్ట్రారు.

1938 అక్టోబరు నుంచి యూదుల పాస్‌పోర్టు మీద ఎర్ర సిరాతో పెద్ద ‘జె’ (జర్మన్ భాషలో ‘యూదుడు’ అనే మాటకు మొదటి అక్షరం, J) అక్షరం కొట్టారు. ఆ పేజీ ఫొటో ఒక్కటి తెరమీద పెట్టి రెండు నిమిషాలు ఊరుకోండి. సరిహద్దులో అధికారి ఇక మనిషి ముఖం చూడక్కర్లేదు, ఆ అక్షరం చాలు.

“నువ్వు యూదుడివి, నువ్వు నాజీవి” అని వేషాలు మాత్రం కట్టించకండి. కొందరికి ఆటైపోతుంది, కొందరు నొచ్చుకుంటారు, అందరికీ అదేమిటో తెలిసిపోయిందన్న భ్రమ మిగులుతుంది.

జవాబు 2:
పై జవాబుకు చేర్పు. ‘మారణహోమం’ అనే మాట నేను వాడను. హోమం దేవుడికిచ్చేది, ఇది హత్య. ‘హోలోకాస్ట్’ అనే గ్రీకు మాటకూ పూర్తిగా దహించిన బలి అనే అర్థం. అందుకే చాలామంది యూదులు ‘షోవా’ అంటారు, అంటే మహావిపత్తు. అలాగే యూదులను బంధించి చంపిన చోట్లను ‘పోలండ్ క్యాంపులు’ అనకండి. అవి ఆక్రమిత పోలండ్‌లో జర్మన్లు నడిపినవి. ఖైదీల చేతిమీద నంబరు పచ్చబొట్టుగా పొడిచింది ఆ క్యాంపుల్లో ఒకటైన ఆష్విట్జ్‌లోనే. ట్రెబ్లింకా అనే మరో క్యాంపులో దిగినవాళ్లను చాలావరకు కొన్ని గంటల్లోనే చంపేశారు, నంబర్లు వేసే అవసరమే చంపినవాళ్లకు రాలేదు.

జవాబు 3:
మీ రెండో ప్రశ్నకు. 1938 జులైలో ఫ్రాన్సులోని ఎవియాన్ పట్టణంలో 32 దేశాలు యూదు శరణార్థుల కోసం కూర్చున్నాయి. డొమినికన్ రిపబ్లిక్ తప్ప దాదాపు ఎవరూ తలుపు తెరవలేదు. జాతి నిర్మూలనను ఆపడమూ శిక్షించడమూ దేశాల బాధ్యత అన్న ఒప్పందం 1948 డిసెంబరు 9న వచ్చింది. అయినా 1994లో రువాండాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ లక్షలమంది టుట్సీ జాతివాళ్లను చంపారు. గుర్తింపు కార్డు మీద ‘టుట్సీ’ అని ఉండేది, దారి కాచి ఆ కార్డులు చూసి చంపారు. చంపుడు సాగుతుండగానే, ఏప్రిల్ 21న, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అక్కడున్న తన శాంతిసేనను 270 మందికి తగ్గించాలని తీర్మానించింది. పెద్ద దేశాలు ‘జాతి నిర్మూలన’ అనే మాట వాడడానికే వెనకాడాయి.

‘అది జాతి నిర్మూలన అని ఇంకా తేలలేదు’ అన్న సాకుకు ఇప్పుడు చోటు లేదు. 2007లో సెర్బియా మీద బోస్నియా వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది: నేరం రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు, తీవ్రమైన ముప్పుందని తెలిసిన క్షణం నుంచే, తెలిసి ఉండాల్సిన క్షణం నుంచే, ఆపే బాధ్యత మొదలవుతుంది. 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో జరిగిన జాతి నిర్మూలనను ఆపనందుకు సెర్బియాను తప్పుబట్టింది.

చివరి పది నిమిషాల్లో బోర్డు మీది తేదీలకే తిరిగి వెళ్లండి. ఆ ‘క్షణం’ ఏ తేదీ దగ్గర వచ్చిందో పిల్లల్నే గుర్తుపెట్టమనండి. ఒక్కొక్కరు ఒక్కో తేదీ చూపిస్తారు, వాదించుకోనివ్వండి.